తాలీములోని సాము, వీథిలోని పోట్లాట

గ్రామములలోని పెద్దలారా,

మీ కుమారులును మనుమలును చదువుకొఱకో, జీవనముకొఱకో హైదరాబాదు నగరమునకు వచ్చుచున్నారు. వారిలో కొందఱు పాతనగరమున అద్దెగదులలో నివసింతురు. కొందఱు పత్తరుగట్టిలోను, లాడుబజారులోను దుకాణములయందు పనికి కుదురుదురు. అట్టివారిలో నొకడు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, తాను సాము నేర్చుచున్నాననియు, ఇక నలుగురు చుట్టుముట్టినను తనకు భయము లేదనియు చెప్పుట కలదు. తల్లి సంతోషించును. తాతగారు మాత్రము ఏమియు ననక చుట్ట వెలిగించుకొందురు. ఆ తాతగారి మౌనమునకు కారణము కలదని నా యభిప్రాయము. సాము నేర్చినవాడు నిజమైన పోట్లాటలో నిలువగలడా, నేర్చినదానిలో ఏది యక్కరకు వచ్చును, ఏది రాదు అను విషయమును ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచితిని.

నేను బాల్యమున మా ఊరి గరిడీలో కఱ్ఱ త్రిప్పినవాడను. పిమ్మట పాతనగరమున చాలకాలము కాపురముండి, అక్కడి తాలీములను దగ్గఱనుండి చూచినవాడను. "తాలీము" అను మాటకు అరబ్బీ భాషలో చదువు, శిక్షణ అని అర్థము. దక్కను దేశమునందు ఈ మాట కుస్తీ నేర్పు స్థలమునకు పేరైనది. మన జిల్లాలలో "తాలింఖానా" అని పలుకునది ఇదియే. అక్కడ గురువును ఉస్తాదు అందురు, శిష్యుని షాగిర్దు అందురు. చార్మినారునకు దక్షిణముగా చాంద్రాయణగుట్ట ప్రక్కనున్న బార్కసు అను పేట పహిల్వానులకు పేరుపొందినది. నిజాముల కొలువులో సిపాయిలుగా నుండుటకు దక్షిణ అరేబియాలోని హద్రమౌతునుండి వచ్చిన అరబ్బుల సంతతివారు అచ్చట నివసింతురు. వారి బ్యారక్సు లుండుటచేతనే ఆ పేటకు బార్కసు అని పేరు వచ్చినది.

తాలీము నడుమ మెత్తని ఎఱ్ఱమన్ను పోసిన గొయ్యి యుండును. ఆ మన్నును జల్లించి, అందు నూనెయు, పసుపును, మజ్జిగయు కలిపి, ప్రతిదినము పారతో త్రవ్వి గుల్లచేయుదురు. ఈ త్రవ్వుట కూడ షాగిర్దు పనియే. అదియే వానికి మొదటి పాఠము. తెల్లవాఱకముందే లేచి దండీలు, బస్కీలు తీయుదురు, గదలు త్రిప్పుదురు, అటుపిమ్మట లంగోటీలు బిగించి జతలుజతలుగా పెనగుదురు. పద్ధతి చాల పాతది. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పయస్ అను పోర్చుగీసువాడు శ్రీకృష్ణదేవరాయలవారి దినచర్యను వ్రాసినాడు. రాయలు వేకువనే నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించుకొని, మట్టితో చేసిన బరువులెత్తి, ఆ నూనె యంతయు చెమటగా వెడలువఱకు కత్తి త్రిప్పి, తన మల్లులలో నొకనితో పెనగి, పిమ్మట గుఱ్ఱమెక్కి మైదానమున స్వారి చేయుచుండెనట. నేటి తాలీములో గుఱ్ఱము తప్ప దాదాపు మిగిలినవన్నియు నున్నవి.

ఇట్టి శిక్షణచే దేహము గట్టిపడుననుటలో సందేహము లేదు. కాని కుస్తీయందు కొన్ని ఏర్పాటులు కలవు. వానిని మనము అలవాటుచొప్పున గమనింపము. పోటీదినము ముందుగానే తెలియును. ఎదిరివాడు ఒక్కడే, అతడు ఎదుటనే నిలుచును, అతని చేతిలో ఏమియు నుండదు. క్రింద మెత్తని మన్ను. భుజములు రెండును నేలకు తగిలి వెల్లకిల పడినంతనే పందెము ముగియును. గెలిచినవాడు చేయి యిచ్చి ఓడినవానిని లేపును.

ఇక పాతనగరపు గల్లీకి రండు. ఇరుప్రక్కల ద్విచక్రవాహనములు నిలిపియుండును. నడుమ మిగిలినది ఇద్దఱు ప్రక్కప్రక్కన నడచునంత దారి. క్రింద షాబాదు బండలో, సిమెంటో. బండి తగిలినదనియో, చూపు బాగులేదనియో మాట పెరుగును. ఎదుట నొకడే కనబడును. అతని మిత్రులు వెనుక దుకాణమున టీ త్రాగుచుందురు. మొదటి దెబ్బ ఎదుటివాడు మాటలాడుచుండగనే పడును. దానికి గంట కొట్టువాడు లేడు. ప్రక్కకు దొర్లుదమన్నచో గోడ యడ్డము. పట్టుపట్టి ఒకనిని క్రింద పడవేసి మీద కూర్చుండుట తాలీములో విజయము. గల్లీలో అట్లు కూర్చున్నవాని తల వెనుకనున్నవాని కాలికి సరిగా అందును.

మొదటి దెబ్బను చూచి తప్పించుకొందుమని యువకు లనుకొందురు. అది ఎంతవఱకు సాధ్యమో మీరే ఇంట పరీక్షింపవచ్చును. బడిపిల్లల యొద్దనుండు అడుగుబద్ద నొకదానిని తీసికొని, పైకొనను మీ మనుమనిచే పట్టించి నిలువుగా వ్రేలాడనిండు. క్రిందికొనకు ఇరుప్రక్కల మీ బొటనవ్రేలును చూపుడువ్రేలును తాకకుండ నుంచుడు. అతడు చెప్పకుండ విడిచినప్పుడు పట్టుకొనుడు. ఎంత మెలకువతో నున్నను బద్ద ఇంచుమించు ఎనిమిది అంగుళములు జాఱిన పిమ్మటగాని వ్రేళ్ళు మూసికొనవు. అనగా కన్ను చూచుటకును చేయి కదలుటకును నడుమ సెకండులో అయిదవవంతు గడచుచున్నది. ఇది వయసువలని జడత్వము కాదు. పడుచువానికిని కొంచె మించుమించుగా నింతే పట్టును. చేతికందు దూరముననుండి వచ్చు పిడికిటికి పట్టు కాలమును దాదాపు అంతే. పైగా ఇక్కడ మీరు బద్దమీదనే దృష్టి నిలిపియున్నారు. అది పడునని యెఱుగుదురు. గల్లీలో ఆ రెండును లేవు.

ఇదే పరీక్షను రెండు బద్దలతో చేసి, ఏది విడిచిన దానినే పట్టుకొనవలెనన్నచో ఇంకను ఆలస్య మగును. 1952లో ఇంగ్లండులో హిక్ అను శాస్త్రజ్ఞుడు దీపములు వెలిగించి, వెలిగిన దీపమునకు తగిన మీట నొక్కించి చూచి, ఎంచుకొనవలసినవి పెరిగినకొలది కాలమును పెరుగునని ప్రకటించినాడు. చిరకాలపు టభ్యాసము ఈ ఆలస్యమును తగ్గించును. కాని ఆఱునెలలలో నూఱు పట్లు నేర్పెదమను ప్రకటనలు గోడలమీద చూచినప్పుడు నాకు ఈ దీపములే జ్ఞాపకము వచ్చును.

ఇప్పుడు భారతకథను ఒకసారి తలచుకొందము. దుర్యోధనుడు పదుమూడేండ్లు భీమునివంటి ఇనుపబొమ్మను చేయించి, దానిపై గదాభ్యాసము చేసినాడు. భీమునికి బలము హెచ్చు, సుయోధనునికి నేర్పు హెచ్చు అని శ్రీకృష్ణుడే యన్నాడు. ఆ నేర్పు కల్ల కాదు. ద్వంద్వయుద్ధమున భీముడు చాల ఇబ్బంది పడినాడు. కాని ఇనుపబొమ్మ తొడమీద కొట్టదు. నాభికి క్రింద కొట్టరాదను నియమమును బొమ్మ ఏనాడును తప్పలేదు; భీముడు తప్పినాడు. ధర్మాధర్మ విచారణ మనకు వేఱొకనాటి ప్రసంగము. నేడు కావలసినది ఇంతే: ఎదురు తిరుగని వస్తువుపై చేసిన అభ్యాసము, ఎదురు తిరుగు మనుష్యునియొద్ద ఎక్కడో ఒకచోట తెగిపోవును.

ఈ కొలబద్దతో చూచినచో మన సాములలోని తారతమ్యము తెలియును. ఊరేగింపులలో కఱ్ఱసాము, కత్తిసాము చూచియుందురు. పాతనగరమున పెండ్లిండ్లలో మర్ఫా వాద్యమునకు హద్రమౌతీ సంతతివారు కఱ్ఱలతోను, జంబియా అను వంకరబాకులతోను ఆడుదురు. ఇవి కంటికి పండుగ. చేతికి వేగము, నడుమునకు ఒడుపు ఇచ్చును. అయినను ఇందు ఎదుటివాడు సహకరించు స్నేహితుడు. ఎప్పుడు కొట్టవలెనో, ఎప్పుడు వంగవలెనో ఇద్దఱికిని తెలిసినదే. కరాటే తరగతులలో కొన్నిటియందు పిల్లలు గాలిని గ్రుద్దుచు వరుసలుగా నడచుదురు, అదియు ఇట్టిదే. చలనచిత్రముల సంగతి చెప్పనే అక్కఱలేదు. అందు పదిమంది దుర్మార్గులు ఎంతో మర్యాదగా ఒకనితరువాత నొకడు తమ వంతుకై కాచుకొనియుందురు.

కుస్తీ అట్లు కాదు. అందు అవతలివాడు పడనని పట్టుపట్టును. మీ పట్టు వానిపై సాగదు; ఇంకొకటి వెదకుకొనవలెను; ఆయాసములో వెదకుకొనవలెను. జపానుదేశమున జిగోరో కానో అను ఉపాధ్యాయుడు 1882లో జూడో విద్యను స్థాపించినప్పుడు ఈ రహస్యమునే ఆశ్రయించినాడు. పూర్వపు జుజుత్సు విద్యలో ఎముకలు విఱుచునట్టి, ప్రాణాపాయకరమైన దెబ్బలుండెడివి. అపాయకరములు గనుకనే వానిని స్నేహితునిపై పూర్ణబలముతో అభ్యసించుటకు వీలులేదు, నెమ్మదిగా నటింపవలసినదే. కానో ఆ దెబ్బలను స్వేచ్ఛాభ్యాసమునుండి తొలగించి, మిగిలిన పట్లను ప్రతిదినము సంపూర్ణబలముతో ఒకరిపై నొకరు ప్రయోగించునట్లు చేసెను. చూచుటకు విద్య మెత్తబడినట్లుండును, నిజమునకు గట్టిపడినది. చంపగల విద్యను నటించినవానికంటె, చంపజాలని విద్యను నిజముగా చేసినవాడు ఆపదలో తనను తాను ఎక్కువగా ఎఱుగును. ఒత్తిడిలో ఊపిరి పట్టుట, పడినప్పుడు తల నేలకు తగులకుండ పడుట, కాళ్ళపై నిలకడ తప్పకుండుట, ఇవి తాలీమునుండి గల్లీవఱకు కుఱ్ఱవానివెంట నడచి వచ్చును. పట్ల పేళ్ళు వచ్చునో రావో చెప్పలేము.

నిలకడనుగూర్చి ఇంకొక మాట. పూర్వపు లక్నో నగరమును గూర్చి ఉర్దూలో వ్రాసిన అబ్దుల్ హలీం షరర్ అచ్చటి కఱ్ఱసాములో రెండు సంప్రదాయములను వర్ణించినాడు. అలీమద్ అను దానిలో ఎడమపాదమును ఒకచోటనే నాటి, కుడిపాదమును మాత్రమే ముందువెనుకలకు కదపుదురు. రుస్తుంఖానీలో పాదములు రెండును చోటునుబట్టి కుడియెడమలకు, ముందువెనుకలకు స్వేచ్ఛగా తిరుగును. ఒకనితో ఒకడు మర్యాదగా ఆడు ఆటకు మొదటిది చాలును. గుంపులో చిక్కినవాడు పాదము నాటుకొని యుండిన ఏమగునో ఆలోచింపుడు.

ఇక భయము. పొలములో సందెవేళ త్రాడును చూచి పామనుకొని ఎగిరి గంతువేసిన అనుభవము మనలో చాలమందికి కలదు. గంతువేసిన పిమ్మటనే అది త్రాడని తెలియును. ఆ గంతును మనస్సు వేయలేదు, దేహమే వేసినది. అమెరికాలోని వాల్టర్ కేనన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు 1915లో ఈ విషయమును గ్రంథముగా వ్రాసెను. భయక్రోధములు కలిగినప్పుడు మూత్రపిండములపైనున్న గ్రంథులనుండి అడ్రినలిన్ అను రసము రక్తములో కలియును, గుండె వేగమగును, రక్తము పొట్టను విడిచి కాలుసేతుల పెద్దకండలకు పాఱును. పరుగెత్తుటకును పెనగుటకును దేహ మట్లు సిద్ధపడును. కాని చేతులు వణకును. సన్నపు పనులు సాగవు. సూదిలో దారమెక్కింపలేనట్టి ఆ క్షణమున, ఎదుటివాని మణికట్టును రెండువ్రేళ్ళతో పట్టి మెలిత్రిప్పు నాజూకు పట్టు ఎట్లు సాగును? దృష్టియు ఇఱుకై, ఎదుటి కత్తితప్ప ప్రక్కనున్న మనిషి కనబడడు.

చైనాలోని షాంఘై నగరమున పోలీసు ఉద్యోగము చేసిన ఫెయిర్‌బెర్న్ అను ఇంగ్లీషువాడు దీనిని చక్కగా గ్రహించినాడు. ఆ నగరపు రేవువీథులు ఆ కాలమున కత్తిపోట్లకు ప్రసిద్ధి. అతడు జుజుత్సు మొదలైన విద్యలు నేర్చినవాడైనను, పోలీసుజవానులకు వానినన్నిటిని నేర్పలేదు. భయములో సైతము మఱవరాని కొలదిపాటి మోటు కదలికలను ఏర్చి, 1926లో పుస్తకముగా ప్రకటించెను. విద్వాంసుడు తన విద్యలో చాలభాగమును విడిచిపెట్టి బోధించుట సులభమైన పని కాదు.

కత్తిమాట వచ్చినది గనుక పాతనగరపు చరిత్రలోని ఒక సంఘటన చెప్పెదను. 1859లో దివాను సాలార్‌జంగును, రెసిడెంటు డేవిడ్సనును నిజాము దర్బారునుండి వెడలి వచ్చుచుండగా ఒకడు వారిపై తుపాకి పేల్చి, గుఱితప్పగా కత్తి దూసి మీదికి వచ్చెను. పరిజనులు వానిని అక్కడనే నఱికివేసిరి. ఆయుధముల నడుమ పుట్టి పెరిగిన భటులున్న చోటు అది. అయినను మొదటి దెబ్బ దాడిచేసినవానిదే యైనది. దివానును ఆ క్షణమున కాపాడినది భటుల నేర్పు కాదు, గుఱి తప్పుట. భటుల నేర్పు రెండవ దెబ్బకు అందినది. ఆ కాలపు బాకులు, కటారులు, ఖడ్గములు నేడు మూసీ యొడ్డున సాలార్‌జంగు మ్యూజియములో అద్దాల వెనుక నున్నవి; నగరమునకు వచ్చినప్పుడు తప్పక చూడుడు.

అమెరికాలో టుల్లర్ అను పోలీసు శిక్షకుడు 1983లో కొలిచి చెప్పినదేమన, కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరమును ఒకటిన్నర సెకండులో దాటి మీద పడగలడు. పోలీసువాడు ఒఱలోని పిస్తోలు తీసి పేల్చుటకును అంతే కాలము పట్టును. పిస్తోలున్నవాని గతియే ఇది యైనచో, వట్టిచేతుల కుఱ్ఱవాడు కత్తిని పట్టుకొని లాగుకొందునని పందెము కట్టరాదు. చెప్పులు విడిచి పరుగెత్తుట, నడుమ బల్లయో బండియో ఉండునట్లు చూచుకొనుట, అఱచి జనమును పిలుచుట, పర్సో ఫోనో అడిగినచో ఇచ్చివేయుట, ఇవియే అచ్చట సాము. పారిపోవుటను పిఱికితనమని మన పల్లెలలో ఎగతాళి చేయు అలవాటు కలదు. ఈ యెగతాళి కొందఱు పిల్లలను ఆస్పత్రికి చేర్చినదని నేను గట్టిగా నమ్ముదును. మగధలో జరాసంధుని పీడ తాళలేక మథురను విడిచి ద్వారకకు పోయినవానిని మనము పిఱికివాడనుట లేదు గదా.

గెలిచినవానికి వేఱొక ఆపద కలదు. మన్నులో పడినవాడు దులుపుకొని లేచును. బండమీద వెల్లకిల పడినవాని తల పగులును. ఒక్క గ్రుద్దుతో, చంపవలెనను తలంపు లేకయే, ప్రాణము పోయిన సంఘటనలు ఏ నగరమునను కొత్త కాదు. ఆత్మరక్షణహక్కును చట్టము ఒప్పుకొన్నది. 1860 నాటి పీనల్ కోడులో 96 మొదలు 106 వఱకు గల సెక్షనులు దీనికి సంబంధించినవి. 2024 జూలై 1వ తేదినుండి వాని స్థానమున భారతీయ న్యాయసంహితలోని 34 మొదలు 44 వఱకు గల సెక్షనులు అమలులోనికి వచ్చినవి. సారాంశము మాఱలేదు. రక్షణకు కావలసినంతకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయము పొందుటకు వ్యవధి యున్నచోట ఈ హక్కు లేదు. క్రిందపడినవానిని, పారిపోవువానిని మఱల కొట్టినది రక్షణ కాదు, ప్రతీకారము. పహిల్వాను నేరస్థుడై నిలిచిన కోర్టులో వాని కండలు వానిపక్షమున సాక్ష్యము చెప్పవు. పైగా నగరమున కొందఱు "పహిల్వాను" అను పేరు పెట్టుకొని భూముల తగవులలో దండధారులై తిరుగుటచేత, ఆ మంచి మాటకే మచ్చ వచ్చినది. మన్ను త్రవ్వి, పాలు త్రాగి, ప్రొద్దుననే లేచి కష్టపడు నిజమైన పహిల్వానులకు ఇది అన్యాయము.

ఇంతయు విని, పిల్లవానిని తాలీమునకు పంపవద్దని నేను చెప్పుచున్నానని తలంపకుడు. పంపుడు. ఆరోగ్యమునకై పంపుడు, ఓడిపోవుట నేర్చుటకై పంపుడు. ప్రతిదినము తనకంటె బలవంతునిచే పడగొట్టబడినవాడు, వీథిలో ఎవడో నోరుజారినంతమాత్రమున తన మగతనమును నిరూపించుకొన తొందరపడడు. నేను చూచినంతలో కయ్యమునకు కాలుదువ్వువారు ఎక్కువమంది మొదటి ఆఱునెలల వారే. పదేండ్లు మన్ను త్రొక్కినవానిని రెచ్చగొట్టుట కష్టము. అతడు ప్రక్కకు తప్పుకొని దారి యిచ్చును.

పంపుటకు ముందు మీరే ఒకసారి నగరమునకు వచ్చి చూడుడు. ముందుగా కబురు పంపకుడు. తెల్లవాఱుజామున వెళ్ళినచో ఏ విద్య ఎట్లు నేర్పుచున్నారో కనబడును. అది కుస్తీ కానిండు, కరాటే కానిండు, బాక్సింగు కానిండు, పిల్లలు ఒకరితో నొకరు నిజముగా పెనగుచున్నారా, లేక గాలితోనే యుద్ధము చేయుచున్నారా అని గమనింపుడు. దెబ్బ తగిలినవానిని ఉస్తాదు ఏమి చేయుచున్నాడో చూడుడు. కత్తిని వట్టిచేతులతో లాగుకొనుట నెలదినములలో నేర్పెదనని చెప్పు గురువునకు నమస్కరించి వచ్చివేయుడు. చివరకు, బయట వీథిలో చేయిచేసికొని వచ్చిన షాగిర్దును ఏమి చేయుదురని అడుగుడు. నేనెఱిగిన యొక ఉస్తాదు అట్టివానిని నెలదినములు పెనగనిచ్చువాడు కాడు. వాడు ప్రతిదినము వచ్చి, ఇతరుల కొఱకు మన్ను త్రవ్వి, ప్రక్కన కూర్చుండవలసినదే. మీ ప్రశ్నకు ఉస్తాదు నవ్వి మాట దాటవేసినచో ఆ చోటు మంచిది కాదు. లోనికి పోవునప్పుడు చెప్పులు వెలుపలనే విడువుడు. ఆ మన్నును వారు కాలిజోళ్ళతో త్రొక్కనీయరు.